అమ్మ మోకాలి ఆపరేషన్: థియేటర్‌కి ఐదు స్టార్లు, డిశ్చార్జికి రెండు

శ్రీకాకుళం పట్నంలో ఎముకల ఆపరేషన్లు చేసే ఒక మధ్యరకం ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకి కుడి మోకాలి చిప్ప మార్పిడి చేయించాం. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి కాదు, అలాగని రెండు గదుల నర్సింగ్ హోమూ కాదు. పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నా తప్పు పట్టవలసినవీ ఉన్నాయి. ఆ రెండో రకం మాటలన్నీ కాగితం మీద పెట్టి వాళ్ళ చేతికే ఇచ్చాను. ఇక్కడ రాస్తున్నది, మీ ఇంట్లో ఎవరినైనా ఏ ఊళ్ళోనైనా ఆపరేషన్‌కి చేర్చేటప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో తెలుస్తుందని.

నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం చేస్తాను. అక్కడ మా బతుకంతా కాగితాలే: ఎవరు చేశారు, ఎన్ని గంటలకి చేశారు, ఎవరు సరిచూశారు. అందుకని ఆసుపత్రికి వెళ్ళినా నా కళ్ళు డాక్టరుగారి డిగ్రీల బోర్డు మీదకి పోవు. గోడకి ఏం అంటించారు, నర్సు చేతిలో ఏ ఫారం ఉంది, దాన్ని పని అయ్యాక నింపుతోందా, కాకముందే నింపుతోందా, ఇవే చూస్తాను. మా ఆయన దీన్ని ఒక జబ్బు అంటారు.

అమ్మది పలాస. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ జీడి ఫ్యాక్టరీలో కింద కూర్చుని పిక్కలు కొట్టి పప్పు తీసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయంటే ఆశ్చర్యం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, మందుల షాపులో నాలుగు రంగుల బిళ్ళలు, అలా ఏళ్ళు నెట్టుకొచ్చింది. ఆపరేషన్ మాట ఎత్తితే "కాలు కోయించుకుని మంచం మీద పడుండాలేటే, నాకొద్దు" అనేది. ఇంటి గుమ్మం దిగడం కూడా కష్టమయ్యాక ఒప్పుకుంది.

ఈ ఆసుపత్రిలో నాకు మొదట నచ్చిన సంగతి ఆపరేషన్‌కి చాలా ముందే జరిగింది. సర్జన్ చూసి "చెయ్యాలి" అన్నాక వెంటనే తేదీ ఇవ్వలేదు. కింది అంతస్తులో ఒక గదికి పంపారు. అక్కడ ఒక సీనియర్ సిస్టర్, ఒక మత్తు డాక్టరు కూర్చుంటారు. ఒంట్లో రక్తం ఎంతుంది, షుగర్ ఉందా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, పళ్ళు పుచ్చాయా, కాళ్ళ మీద పుండ్లున్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఇంట్లో దొడ్డి ఎలాంటిది, మెట్లు ఎక్కాలా, ఇంటికి వెళ్ళాక చూసుకునేదెవరు, ఇవన్నీ అక్కడ తేలాలి. తేలాకే తేదీ. అమ్మకి రక్తం తక్కువగా ఉందని ఐరన్ మొదలుపెట్టారు. ఆపరేషన్ రోజు పొద్దున రిపోర్టు చూసి "అయ్యో, రక్తం ఎక్కించాలి, బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తండి" అనే గోల ఇక్కడ లేదు.

ఆ గదిలోనే అడ్డపొగ సంగతి బయటపడింది. సిస్టర్ ఫారం చూస్తూ "సిగరెట్, బీడీ ఏమైనా అలవాటుందా మామ్మా?" అని అడిగింది. అమ్మ "రామ రామ!" అంది. అబద్ధం కాదు. కానీ దాని కిందే ఇంకో గడి ఉంది: చుట్ట, అడ్డపొగ. "మరి అడ్డపొగ?" అనేసరికి అమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి కిటికీ వైపు చూసి, "పొద్దున్నొకటి, రేతిరొకటి" అంది. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని పీల్చే ఆడవాళ్ళు మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎందరున్నారో మనకి తెలుసు. ఎక్కడో అచ్చేసిన ఫారానికి తెలీదు. ఈ గడి మొదట్లో ఉండేది కాదట. ఒక పేషెంటుకి కుట్లు ఎంతకీ మానకపోతే, ఎందుకు మానలేదు, అలా ఎందుకైంది అని ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళి చూస్తే చుట్ట దగ్గర తేలిందని, అప్పుడు ఫారం మార్చామని సిస్టర్ చెప్పింది.

పొగ తాగేవాళ్ళలో గాయానికి అందాల్సిన ప్రాణవాయువు సరిగ్గా అందదు. ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందైనా మానేస్తే ఊపిరితిత్తుల ఇబ్బందులు, గాయం మానకపోవడం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమ్మకి తేదీ ఆ లెక్కనే వేశారు. అమ్మ నిజంగా మానేసిందా అంటే, మా వదిన దొడ్డి వాకిట్లో కాపలా కాసింది.

మా కంపెనీలో ఒక తప్పు దొర్లినప్పుడు ఆ షిఫ్టు మనిషిని నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తే అదే తప్పు ఇంకో షిఫ్టులో తిరిగి వస్తుంది. పని చేసే పద్ధతి మారిస్తే చాలావరకు రాదు. కార్ల కంపెనీ టయోటా ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చింది: తప్పు కనిపించిన చోటే ఆగు, ఎందుకని ఐదుసార్లు అడుగు, చిన్న మార్పు చెయ్యి, కొలువు, పనికొస్తే అదే అందరికీ పద్ధతి చెయ్యి. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి వాళ్ళు 2000ల తొలి ఏళ్ళలోనే జపాన్ వెళ్ళి ఈ విద్య నేర్చుకొచ్చి ఆసుపత్రిలో పెట్టారు. మన శ్రీకాకుళంలో అడ్డపొగ గడి రూపంలో అది కనిపిస్తుందని మాత్రం నేను అనుకోలేదు.

తర్వాత కిడ్నీ. పలాస అనగానే మత్తు డాక్టరుగారు రాస్తున్న పెన్ను ఆపారు. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతాన్ని పీడించే కిడ్నీ జబ్బు గురించి ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటే తీవ్రత తెలుస్తుంది. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో అమ్మ క్రియాటినిన్ ఉండాల్సినదానికన్నా కాస్త పైన ఉంది. ఏళ్ళ తరబడి మింగిన నొప్పి బిళ్ళల జాబితా రాయించుకున్నారు. కిడ్నీ డాక్టరు చూసి సరే అన్నాకే ముందుకి కదిలారు. ఫైలు అట్ట మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, కిడ్నీకి చెరుపు చేసే డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు ఇవ్వకూడదని రాశారు. ఈ ఎర్ర స్టిక్కర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ఆపరేషన్ పొద్దున. మా నాన్నకి కొన్నేళ్ళ క్రితం విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. రాత్రి తొమ్మిది తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారు. మర్నాడు ఆయన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. నోరు పిడచకట్టి, తలనొప్పితో, "ఆపరేషనొద్దు, ఇంటికెళ్ళిపోదాం" అన్నారు. ఇక్కడ అమ్మకి రాత్రి మామూలు భోజనం. ఘనాహారం మత్తుకి ఆరు గంటల ముందు ఆపాలి, నీళ్ళలాంటివి రెండు గంటల ముందు వరకూ తాగొచ్చు అని తెలుగులో అచ్చేసిన కాగితం ముందే ఇచ్చారు. తెల్లారి ఆరింటికి సిస్టర్ స్వయంగా ఒక గ్లాసు తియ్యటి నీళ్ళు తెచ్చి తాగించింది. అమ్మ భయపడిపోయింది. "ఏటి పాపా, ఆపరేషన్‌కి ఎల్తూ తాగమంటావేటి, లోపల కక్కుకుంటే?" అంది. పోనీ తాగక తప్పదంటే కొబ్బరినీళ్ళు ఇమ్మంది, కొబ్బరితోటల ఉద్దానం మనిషి కదా. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, నీ కిడ్నీ రిపోర్టుకి అది వద్దు మామ్మా అని సిస్టర్ చెప్పింది. ఆ ఎర్ర స్టిక్కర్ అట్ట మీదే ఉండిపోలేదు, ఆ పిల్ల బుర్రలోకి కూడా వెళ్ళిందన్నమాట.

ఈ తియ్యటి నీళ్ళ వెనక కథ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 1990లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్, పేగు ఆపరేషన్ అయినవాళ్ళు అన్ని రోజులు మంచం మీద ఎందుకుండాలి అని అడగడం మొదలుపెట్టారు. గంటల తరబడి ఉపవాసం, ముక్కులో గొట్టం, సీసాల కొద్దీ సెలైన్, మార్ఫిన్ మత్తులో పడుకోబెట్టడం, ఇవన్నీ అలవాటుగా చేస్తున్నవే తప్ప రోగికి మేలు చేస్తున్నాయా అని ఒక్కొక్కటీ పరీక్షించారు. అక్కర్లేనివి తీసేసి, ముందు రోజు నుంచే రోగిని సిద్ధం చేసి, తొందరగా తినిపించి, తొందరగా నడిపిస్తే తొందరగా ఇంటికి వెళ్ళగలుగుతున్నారని తేలింది. దాన్నే ఇప్పుడు డాక్టర్లు ఈఆర్ఏఎస్ (ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతి) అంటున్నారు. పేగుల దగ్గర మొదలై గర్భసంచి, తుంటి, మోకాలి ఆపరేషన్ల దాకా వచ్చింది.

థియేటర్ లోపలికి నేను వెళ్ళలేదు. కానీ అమ్మకి నడుముకి మత్తిచ్చారు, మెలకువగానే ఉంది, బయటికొచ్చాక మొత్తం చెప్పింది. ముందు వార్డులోనే సర్జన్ వచ్చి కుడి మోకాలి మీద పెన్నుతో గుర్తు పెట్టారు. తర్వాత ప్రతి గుమ్మం దగ్గరా పేరు, ఏ కాలు అని అడిగారు. అమ్మకి విసుగొచ్చింది: "ఎన్నిసార్లు సెప్పించారే కుడికాలు కుడికాలని. ఇంత సదువుకున్నోళ్ళకి కుడేదో ఎడమేదో తెలీదేటి?" లోపల కోత పెట్టే ముందు అందరూ ఆగారట. డాక్టరు, మత్తు డాక్టరు, నర్సు, టెక్నీషియన్ ఒక్కొక్కరూ పేరు, తాము చేసే పని చెప్పుకున్నారట. "పెళ్ళిచూపుల్లో లాగ" అంది అమ్మ. ఒక నర్సు కాగితం చూసి చదువుతుంటే మిగతావాళ్ళు అవును, అవును అన్నారట. గుడ్డలు, పనిముట్లు మొదట లెక్కపెట్టారట, కుట్లు వేసే ముందు మళ్ళీ లెక్కపెట్టారట.

అది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జరీ భద్రతా జాబితా. అందులో 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, రోగి థియేటర్ దాటే ముందు కొన్ని. యాంటీబయాటిక్ కోతకి ముందు అరవై నిమిషాల్లోపు పడిందా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. సర్జన్ అతుల్ గవాండే బృందం ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఈ కాగితం పెట్టి చూసి 2009లో ఫలితాలు ప్రచురించింది. పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మా కంపెనీలో ఒక బ్యాచ్ అయ్యాక ఇంకో బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాత లేబుళ్ళు, పాత పొడి ఏమీ మిగల్లేదని ఇద్దరు చూసి సంతకం పెట్టాలి. లైన్ క్లియరెన్స్ అంటాం. ఎంత అనుభవజ్ఞుడైనా సరే, పెట్టాల్సిందే. పెద్ద సర్జన్ కూడా ఒక నర్సు "ఆగండి" అంటే ఆగుతున్నాడంటే ఆ థియేటర్‌లో మా వాళ్ళని పడుకోబెట్టడానికి నాకు భయం లేదు.

చిన్న సంగతులు ఇంకొన్ని. మోకాలి చుట్టూ రేజరుతో గీకలేదు. వెంట్రుకలు తీయకపోయినా పర్వాలేదు, తీయాల్సివస్తే క్లిప్పరుతోనే తీయాలి, గీకితే పడే సన్నని గాట్ల దగ్గర ఇన్ఫెక్షన్ చేరుతుందని 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. థియేటర్ చలికి వెచ్చటి గాలి నింపే దుప్పటి కప్పారు. అమ్మ దానికి మురిసిపోయింది, ఎక్కడ దొరుకుతుందని ఇప్పటికీ అడుగుతోంది.

మేం కూర్చున్న వరండాలో థియేటర్ తలుపు పక్కన ఒక తెల్ల బోర్డు ఉంది. పైన "మొదటి కేసు ఆలస్యం ఎందుకు?" అని తెలుగులోనే రాసుంది. కింద కారణాలు, వాటి పక్కన గీతలు. రిపోర్టు రాలేదు, ట్రాలీ దొరకలేదు, ఇంప్లాంట్ సెట్ రాలేదు, డాక్టరు ఆలస్యం. అవును, డాక్టరు ఆలస్యం అని కూడా ఉంది, దాని పక్కనా గీతలున్నాయి! అది చూసి నేను లేచి నిలబడ్డాను. పేషెంట్ల బంధువులు చూసే చోట ఇలాంటి బోర్డు పెట్టడానికి గుండె ఉండాలి. ఒకప్పుడు "రిపోర్టు రాలేదు" దగ్గరే గీతలు బారులు తీరేవట. అందుకే పరీక్షలన్నీ ముందే తేల్చే ఆ కింది గది పుట్టిందట. మొదటి కేసు గంట ఆలస్యమైతే ఆఖరి పేషెంటు ఆకలితో సాయంత్రం దాకా పడుంటాడు, మా నాన్నలాగే. ఉపవాసం తగ్గించడానికీ ట్రాలీ టైముకి రావడానికీ సంబంధం ఉందని ఆ బోర్డు ముందు నిలబడితే అర్థమైంది.

మధ్యాహ్నానికి అమ్మ వార్డుకి వచ్చేసింది. కాసేపటికి నీళ్ళు, తర్వాత ఇడ్లీ. ఎండ తగ్గే వేళకి ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి, కాలు కదులుతోందో లేదో చూసి, వాకర్ ఇచ్చి "లే మామ్మా" అన్నాడు. మత్తు సూది తొడ దగ్గర నరానికి కూడా ఇచ్చారు కాబట్టి నొప్పి అంతగా లేదు. అమ్మ మంచం నుంచి కిటికీ దాకా నడిచింది. పలాస నుంచి చూడ్డానికొచ్చిన మా పెద్దమ్మ నోరు నొక్కుకుంది. అదే రోజు నడిపిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ప్రమాదం తగ్గుతాయి. పెద్దమ్మకి ఇవేం చెప్పినా ఎక్కలేదు. "కోసిన కాలు మీద నిలబెట్టేశారు" అని రాత్రి ఊళ్ళో అందరికీ ఫోన్లు.

ఇప్పుడు ఆ రాత్రి. ఈ సమీక్షలో అన్నింటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

నొప్పి మందు ఆరు గంటలకొకసారి, అడిగినా అడక్కపోయినా ఇవ్వాలని చార్టులో ఉంది. అర్ధరాత్రి పన్నెండింటికి ఒక మోతాదు. నేను పదిన్నరకి చార్టు చూస్తే పన్నెండు గంటల గడిలో అప్పటికే టిక్కు ఉంది. పక్కనే అదే సిరాతో నడక, ఊపిరి వ్యాయామం గడుల్లోనూ టిక్కులు. పన్నెండు అయింది, మందు రాలేదు. ఒంటిగంట దాటాక నరం మత్తు దిగింది. అమ్మ మంచం కమ్మీ పట్టుకుని "ఓలమ్మో" అని మూలిగిన మూలుగు ఆ అంతస్తంతా వినబడి ఉంటుంది. మందు వచ్చేసరికి ఒంటిగంటన్నర. ఒకసారి ముదిరిన నొప్పి ఒక మాత్రకి వెంటనే దిగదు. తెల్లారేదాకా ఇద్దరికీ కునుకు లేదు.

కాగితం ఉన్నంత మాత్రాన పని అయిపోదు అనడానికి దీనికన్నా సాక్ష్యం అక్కర్లేదు. కెనడాలో అంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రులు ఇదే సర్జరీ జాబితాని అమల్లో పెట్టాక లెక్కలు తీస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఎందుకని చాలా వాదనలు నడిచాయి. పని కాకముందే టిక్కు పెట్టేసిన ఫారాలు చూసీ చూసీ అరిగిన కళ్ళు నావి, నాకు మాత్రం పెద్దగా ఆశ్చర్యం కలగలేదు.

పొద్దున ఇన్‌చార్జి సిస్టర్ వచ్చేసరికి చార్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. గొడవ పడదామనే ఉన్నాను. ఆవిడ క్షమాపణ చెప్పి, చార్టు చూసి, ఇంకా డ్యూటీ దిగని రాత్రి నర్సుని పిలిచింది. తిట్టలేదు. "ముందే ఎందుకు టిక్కు పెట్టావమ్మా?" "పన్నెండింటికి అందరికీ ఒకేసారి మందులుంటాయి మేడం, రాయడానికి టైముండదు." "మందు ఎందుకు ఆలస్యమైంది?" "మందుల ట్రాలీ తాళం పై అంతస్తులో ఉండిపోయింది." "పైన ఎందుకుంది?" "రాత్రి రెండు అంతస్తులకీ ఒకటే ట్రాలీ." అక్కడికి ఆగింది. ఆ రాత్రి తొమ్మిదింటికే ప్రతి మంచం దగ్గరా పేరు రాసిన చిన్న డబ్బాలో అర్ధరాత్రి మోతాదు పెట్టి వెళ్ళారు. పన్నెండుకి మూడు నిమిషాల తక్కువలో అమ్మకి మందు పడింది, మందు పడ్డాకే టిక్కు పడింది. నేను నిద్ర నటిస్తూ చూశాను. ఆ ఏర్పాటు వాళ్ళు కొనసాగించారో లేదో నేనున్నంతవరకే చెప్పగలను, ఉన్నంతవరకూ సాగింది. పేషెంటు కూతురు ఫిర్యాదు చేస్తే ఒక్క రోజులో పద్ధతి మారిన ఆసుపత్రిని నేను ఇదే చూడటం. నొప్పికి స్టారు తగ్గించాల్సింది, దీనికోసం తగ్గించలేదు.

తిండి విషయంలో పెద్దమ్మకీ ఆసుపత్రికీ యుద్ధం. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ దురద, గుడ్డు వేడి, చారన్నమే పత్యం అని పెద్దమ్మ. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి, మీ కిడ్నీకి తగినంత మేం రాసిస్తాం, పప్పూ గుడ్డూ తినండి అని డైటీషియన్. చివరికి అమ్మే తీర్పు చెప్పింది: "డబ్బులిచ్చింది ఈళ్ళకి, ఈళ్ళు సెప్పిందే తింటాను."

ఇంతవరకూ చదివి వెంటనే ఫోన్ నంబరు అడగబోతారేమో, డిశ్చార్జి రోజు సంగతి కూడా వినండి.

పొద్దున తొమ్మిదింటి రౌండ్లలో డాక్టరుగారు "ఇంటికెళ్ళొచ్చు" అన్నారు. వీధి దీపాలు వెలిగాక బయటపడ్డాం. మాకు కంపెనీ వాళ్ళ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. కౌంటర్లో అడిగినప్పుడల్లా "ఇన్సూరెన్స్ నుంచి అప్రూవల్ రాలేదండి" అని ఒకటే మాట. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ 2024లో పెట్టిన నిబంధన ప్రకారం ఆసుపత్రి డిశ్చార్జి వినతి పంపిన మూడు గంటల్లో కంపెనీ జవాబివ్వాలి. నేను ఇన్సూరెన్స్ వాళ్ళకే ఫోన్ చేశాను. వాళ్ళకి ఫైలు చేరింది మధ్యాహ్నం మూడు దాటాకట, గంటలోపే అనుమతి ఇచ్చేశారు కూడా. మరి తొమ్మిది నుంచి మూడు దాకా ఫైలు ఎక్కడుంది? వాడని మందులు, సూదులు మందుల షాపుకి తిరిగిచ్చి లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టే కుర్రాడే కౌంటర్లో మందులు అమ్మాలి. ముందు లైన్లో జనం ఉన్నంతసేపూ మా ఫైలు బల్ల మీదే పడుంది. థియేటర్ పక్కన అంత చక్కటి బోర్డు పెట్టిన ఆసుపత్రిలో బిల్లింగ్ అద్దాల గది గోడ మీద ఒక క్యాలెండరు తప్ప ఏమీ లేదు. అక్కడ ఎంత ఆలస్యమవుతోందో ఎవరూ గీతలు పెట్టడం లేదు, అందుకే ఎవరికీ కనబడదు. మధ్యలో ఆ మంచం కోసం ఎమర్జెన్సీలో ఒక తుంటి విరిగిన ముసలాయన స్ట్రెచర్ మీదే ఎదురుచూశాడు.

దానికి మించినది చీటీ. ఇంటికి వాడమని ఇచ్చిన మందుల చీటీ కంప్యూటర్లో అందరికీ ఒకటే అచ్చు. అందులో అసిక్లోఫెనాక్ కలిసిన నొప్పి మాత్ర ఉంది. డైక్లోఫెనాక్ జాతిదే. ఎర్ర స్టిక్కర్ ఫైలు మీద భద్రంగా ఉంది, చీటీ తయారైన కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు. మందులు సంచిలో వేసి ఇచ్చేశారు కూడా. నాకు మందుల పేర్లతోనే ఉద్యోగం కాబట్టి కనబడింది. పలాస నుంచి వచ్చిన మా పెద్దమ్మే అమ్మ పక్కన ఉండుంటే? చూపించగానే డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చి మార్చారు, అది వేరే మాట. వ్యాయామాల కాగితం కూడా ఇంగ్లీషులోనే ఇచ్చారు. ఉపవాసం గురించి అంత మంచి తెలుగు కాగితం వేసినవాళ్ళకి ఇది ఎందుకు తట్టలేదో.

గదులు శుభ్రంగా ఉన్నాయి. బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీలున్నాయి గానీ తలుపు లోపలికి తెరుచుకుంటుంది, వాకర్‌తో వెళ్ళిన మనిషి తిరిగి తలుపు వేసుకోలేదు. మోకాళ్ళ ఆసుపత్రి! క్యాంటీన్ టీ బాగుంది, ఉప్మా వద్దు.

నా ఉత్తరం తీసుకున్న మేనేజరుగారు మందుల లెక్క ముందు రోజు రాత్రే తేల్చే ఏర్పాటు చూస్తామన్నారు, చీటీ కంప్యూటర్ గురించి రాసుకున్నారు. బాత్రూం తలుపు దగ్గర నవ్వేసి ఊరుకున్నారు. అమ్మ ఎడమ మోకాలు కూడా చెయ్యాలి. అక్కడికే వెళ్తాం, ఈసారి డిశ్చార్జి రోజు నేను నేరుగా మందుల షాపు బల్ల దగ్గరే కూర్చుంటాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: ఒక మోకాలికి బిల్లు రెండు లక్షల లోపే అయింది. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టు నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది కాబట్టి, వేసిన ఇంప్లాంట్ స్టిక్కర్ కాపీ, దాని ధర విడిగా రాసిన బిల్లు అడిగి తీసుకోండి. మొదటి కేసుగా తేదీ ఇమ్మని అడగండి. చేరిన రోజే "థియేటర్‌లో సర్జరీ భద్రతా జాబితా ఎవరు చదువుతారు, రాత్రి నొప్పి మందు ఎన్నింటికి" అని అడగండి. విసుక్కుంటే అదీ ఒక జవాబే. డిశ్చార్జి చీటీలో ప్రతి మందూ దేనికో సిస్టర్‌తో చెప్పించుకుని గానీ సంచి అందుకోవద్దు. వాకర్ మాత్రం వాళ్ళ షాపులో కొనకండి, బయట సర్జికల్ షాపుల్లో చవక. ఎత్తు సర్దుకునేది, కాళ్ళకి రబ్బరు తొడుగులు గట్టిగా ఉన్నది చూసి, ఆపరేషన్‌కి ముందే కొని ఇంట్లో నడిపించి చూడండి.